విశ్వవిద్యాలయం వారు మళ్లీ రావాలంటే

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒకసారి వచ్చి ప్రయోగాలు చూపించారు, ఫొటోలు దిగారు, మళ్లీ రాలేదు. ఈ సంబంధం నిలబడేదెలా?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: విశ్వవిద్యాలయం మొత్తంతో కాదు, ఒక్క విభాగంతో మొదలుపెట్టండి. రసాయనశాస్త్రమే అనుకుందాం. తరగతి, పాఠం, తేదీలు, ఇరువైపులా బాధ్యులెవరో రాసి విభాగాధిపతికి లేఖ ఇవ్వండి, నకలు మండల విద్యాధికారికి (ఎంఈవో). పదో తరగతి జోలికి పోవద్దు, వాళ్లకు ఊపిరాడదు. తొమ్మిదో తరగతి నయం.

ఎక్కువగా చెడేది తేదీల దగ్గరే. మీ బడిలో మధ్యమధ్య పెట్టే పరీక్షలు ఒక వారం, వాళ్ల సెమిస్టర్ పరీక్షలు మరో వారం. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ ఖాళీ ఉన్న వారాలే తీసుకోండి. పైగా, వచ్చే విద్యార్థికి ఏదో ఒకటి దక్కాలి కదా! ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. అక్కడ ఆ పథకం చూసే ప్రోగ్రాం ఆఫీసరుతో మాట్లాడి మీ బడిలో గడిపిన గంటలు అందులో కలిపించండి. హాజరు పుస్తకం మాత్రం మీ దగ్గరే ఉండాలి.

ప్రయోగం పిల్లలే చేయాలి, ఐదుగురికో బల్ల చొప్పున. మందార పూల రసం నిమ్మరసంలో ముదురు గులాబీ రంగుకు, సున్నపు తేటలో ఆకుపచ్చకు తిరుగుతుంది. గాఢ ఆమ్లాలు తేవద్దని ముందే చెప్పండి. మీ సైన్సు టీచరు గదిలో ఉండాల్సిందే.