మేనమామ తెచ్చిన మార్లిన్

ప్రశ్న: మా మేనమామ ఓడల్లో పనిచేసేవాడు. చాలా ఏళ్ల కిందట యూరప్‌లో కొన్న హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో బొమ్మ మా ఇంట్లో ఉంది. మూడడుగుల చదరం. గులాబి మొహం, పసుప్పచ్చ జుట్టు, కళ్ల మీద నీలం. ఇలాంటిదే వందల కోట్లు పలికిందని పేపర్లో చదివినప్పటి నుంచీ పంపకాల్లో నాకంటే నాకని గొడవ. వెనక నీలం ఇంకుతో 'ఫిల్ ఇన్ యువర్ ఓన్ సిగ్నేచర్' అని ముద్ర ఉంది. దీని విలువెంత? అసలు ఇందులో అంత గొప్పేముంది?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముందు గొడవ ఆపండమ్మా. 'మీ సంతకం మీరే పెట్టుకోండి' అని ఆ ముద్రే చెబుతోంది గదా, ఈ బొమ్మను మొదట చేసిన అమెరికా చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ సంతకం దాని మీద లేదని.

కోట్లు పలికింది వేరు. 1964లో ఆయన కాన్వాసు మీద చేసిన బొమ్మ అది. 2022 మేలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 19.5 కోట్ల డాలర్లకు, అంటే దాదాపు 1500 కోట్ల రూపాయలకు పోయింది. 1967లో కాగితం మీద పది రకాల రంగుల్లో, రకానికి 250 చొప్పున అచ్చు వేయించాడు. వాటి వెనక పెన్సిల్ సంతకం, స్టాంపు నంబరు ఉంటాయి. అవీ లక్షల డాలర్ల సరుకే. మీది ఈ రెండూ కాదు, మూడో బాపతు. 1970లో 'సండే బి. మార్నింగ్' పేరుతో యూరప్‌లో అదే బొమ్మ, అదే సైజులో వేయడం మొదలుపెట్టారు. మొదట్లో వార్‌హోల్ చెయ్యి కూడా ఉందంటారు, తర్వాత చెడిందట. కొన్నిటి మీద 'ఇది నేను చేసింది కాదు' అని రాసి, కింద తనే సంతకం పెట్టాడట మహానుభావుడు! నల్ల ముద్రవి తొలినాటివి, వేల డాలర్లు పలుకుతాయి. నీలం ముద్రవి తర్వాతి అచ్చులు, కొన్ని వందల డాలర్లు. వార్‌హోల్ బొమ్మలు అసలువో కావో తేల్చే బోర్డు కూడా 2012లో ఆ పని మానేసింది. సర్టిఫికెట్ తెప్పిస్తాం, ముందు డబ్బు కట్టండి అనేవాళ్లకు తలుపు తీయొద్దు.

ఇక గొప్ప సంగతి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇరవై రెండేళ్లు స్క్రీన్ ప్రింటింగ్ చేశాను. శుభలేఖలు, బట్టల కొట్ల సంచులు, ఎలక్షనొస్తే జెండాలు. వార్‌హోల్ పద్ధతీ ఇదే. ఫ్రేముకు సన్నటి గుడ్డ బిగించి, వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూసి, బొమ్మ ఉన్న ఫిల్ము పెట్టి లైటు చూపించి కడిగితే బొమ్మ ఉన్నచోట మందు కొట్టుకుపోతుంది. ఇంకు పోసి స్క్వీజీతో, అంటే రబ్బరు పట్టీతో, లాగడమే. రంగుకొక ఫ్రేము. రంగు గీత దాటిందా, పని చెడినట్టే. వినాయకుడి తొండం దగ్గర ఎరుపు నూలువాసి జరిగిందని ఆత్మకూరు పెళ్లివారు మూడొందల కార్డులూ నా బల్ల మీద పడేసి పోయారు. ఈ బొమ్మలో చూస్తే లిప్‌స్టిక్కు పెదాల మీద కుదురుగా ఉండదు, కంటి నీలం రెప్ప దాటిపోతుంది. మా కుర్రాడు చేసుంటే తిట్టేవాణ్ణి. ఈయన కావాలనే ఉంచాడు.

1962 ఆగస్టులో మార్లిన్ చనిపోగానే, 'నయాగరా' సినిమా ప్రచారానికి తీసిన పాత ఫొటో తీసుకుని, మొహం వరకే ఉంచి, మళ్లీ మళ్లీ అచ్చు వేశాడు. ఆ మనిషి ఎట్లా ఉండేదో అందులో వెతకొద్దు. సినిమావాళ్లు జనానికి అమ్మిన మొహం అది. రంగులు పైన అతికించినట్టుంటేనే ఆ సంగతి తెలుస్తుంది. ఎలక్షన్లప్పుడు ఒకే నాయకుడి మొహం రెండు వేల జెండాలకు లాగేవాణ్ణి. వెయ్యి దాటాక మనిషి కనపడేవాడు కాదు, కళ్లూ మీసమూ వేరే వేరే మచ్చలు. చేతులు నొప్పెట్టి విసుక్కున్నానే గానీ, అదే బొమ్మకు విషయమవుతుందని నాకు తట్టలేదు.

మీ బొమ్మకు లామినేషన్ చేయించొద్దు, ఎండ పడే గోడకు తగిలించొద్దు. పంపకాల కాగితంలో 'గోడ బొమ్మ ఒకటి' అని రాయిస్తే చాలు.