పంటి నొప్పికి వెళితే షుగరెంత అంటారేమిటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ: ఒకందుకు వెళ్తే డాక్టరు ఇంకేదో అడుగుతున్నారని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: పుచ్చిపోయిన దవడ పన్ను పీకించుకుందామని వెళ్లాను. డాక్టరు గారు పన్ను చూసింది రెండు నిమిషాలు. షుగరుందా, గుండె జబ్బుందా, ఎముకలకు ఇంజెక్షను తీసుకున్నారా, రోజూ వేసుకునే మాత్రలేమిటి అని అడిగింది పావుగంట. గుండె రక్తనాళంలో స్టెంటు వేసి ఏడాదిన్నర అయిందనేసరికి, గుండె డాక్టరు చేత చీటీ రాయించుకు రమ్మని పంపేశారు. రెండు బస్సులు మారి వెళ్లి నొప్పితోనే తిరిగొచ్చాను. పంటికీ గుండెకీ ఏమిటండీ సంబంధం?
— ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: నొప్పితో అంత దూరం వెళ్లి అలాగే తిరిగి రావడం కష్టమే. ఆ ప్రశ్నలు ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే మీకింత బాధ ఉండేది కాదు. వాళ్లు చెప్పనిది మేం చెబుతాం.

స్టెంటు వేసినవాళ్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడతారు. అవి రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి కాబట్టి పన్ను పీకాక రక్తం ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. ముందే తెలిస్తే డాక్టరు ఒక కుట్టు వేస్తారు, గాజుగుడ్డ పెట్టి అరగంటసేపు గట్టిగా కరిచి పట్టుకోమంటారు. ఒకటి రెండు పళ్లకైతే సాధారణంగా ఆ మాత్రలు ఆపరు. అసలు ప్రమాదం ఎక్కడొస్తుందంటే, పన్ను పీకించుకోబోతున్నామని మనంతట మనమే వారం ముందు నుంచి మానేసినప్పుడు. అలా మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు చెప్పాల్సిన మాట. మీ దంతవైద్యులు అడిగిన చీటీ అదే. గుండె వాల్వు (కవాటం) ఆపరేషన్ అయినవాళ్లు వాడే వార్ఫరిన్, అసిట్రోమ్ మాత్రలకైతే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష కూడా కావాలి, అదీ పీకే రోజుకు దగ్గర్లో చేయించింది. నెల కిందటి కాగితం పనికిరాదు. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకు పన్ను పీకడానికి అరగంట, గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి ఆ వాల్వు మీద చేరకుండా ఉండటానికి.

ఎముకల ఇంజెక్షను ప్రశ్న చాలామందికి మరీ వింతగా ఉంటుంది. ఎముకలు గుల్లబారినవాళ్లకు ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ వల్ల కొద్దిమందిలో పన్ను పీకిన చోట దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోతుంది. అలా జరిగితే నెలల తరబడి వైద్యం చేయించుకోవాలి. ఆ ఇంజెక్షను ఏడాదికోసారే కాబట్టి "రోజూ వేసుకునే మాత్రలు" అని అడిగితే మనకు గుర్తుకు రాదు, విడిగా అడిగితే తప్ప. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. అందుకని బీపీ మాత్ర పేరు కూడా చెప్పండి.

షుగరు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మామూలు మత్తు ఇంజెక్షనుతో పన్ను పీకేటప్పుడు పరగడుపున వెళ్లనక్కర్లేదు. ఉదయం టిఫిను తిని, షుగరు మాత్ర వేసుకుని, పొద్దున్నే వెళ్లండి. మాత్ర వేసుకుని ఏమీ తినకుండా వెళితే, పీకాక నోరు మొద్దుబారి తినలేక షుగరు పడిపోతుంది. చెమటలు పట్టి కుర్చీలోనే తూలిపోయేవాళ్లలో కొందరు ఇలాంటివాళ్లే.

ప్రశ్న: జ్వరమని వెళితే చొక్కా విప్పించి చంకలూ గజ్జలూ చూశారు. చేలో దిగావా, చెరువులో దిగావా, గట్ల మీద గడ్డి కోశావా అని ఒకటే ప్రశ్నలు. జ్వరానికి ఇంజెక్షను ఇవ్వమంటే ఇవ్వలేదు. ఇదేం వైద్యం?
— ఒక కౌలు రైతు, మామిడికుదురు దగ్గర

జవాబు: మంచి వైద్యమేనండీ. మన గోదావరి డెల్టాలో జ్వరానికి అడగాల్సిన ప్రశ్నలు సరిగ్గా అవే.

సార్వా (ఖరీఫ్) ఊడ్పులప్పుడు గంటల తరబడి బురదలో ఉంటే వేళ్ల సందులు పాసిపోతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు ఆ పాసిన చోటు నుంచి, చిన్న చిన్న గీతల నుంచి ఒంట్లోకి సూక్ష్మజీవిని చేరుస్తాయి. అదే ఎలుక జ్వరం. పిక్కలు పట్టుకుంటే భరించలేని నొప్పి, కళ్లు ఎర్రబారడం దీని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రం తగ్గిపోతుంది. గట్ల మీద గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి (మంచం నల్లి కాదు, మైట్) పిల్ల కుడితే వచ్చేది స్క్రబ్ టైఫస్. అది కుట్టిన చోట సిగరెట్టు కాల్చి అంటించినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి మనకు తెలియదు. ఆ పెచ్చు సాధారణంగా ఉండేది చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద, ఆడవాళ్లకు రొమ్ముల కింద. చొక్కా విప్పమన్నది దానికోసమే. ఆ ఒక్క పెచ్చు కనబడితే సగం పరీక్షల ఖర్చు తప్పుతుంది. ఈ రెండు జ్వరాలకూ డాక్సీసైక్లిన్ అనే చవక మందు బాగా పనిచేస్తుంది, మొదటి రోజుల్లో మొదలుపెడితే. ఆలస్యమైతే కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇంజెక్షను ఇవ్వకపోవడానికీ కారణం ఉంది. జ్వరం డెంగీ అయితే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షను రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతుంది. జ్వరమేదో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే నయం.

మీరు వెళ్లే ముందు గత మూడు వారాలు గుర్తు చేసుకోండి. ఏ రోజున దమ్ములో దిగారు, రొయ్యల చెరువులో దిగారు, ఏ మందు పిచికారీ చేశారు. కుట్టాకో, నీళ్లు తగిలాకో జ్వరం మొదలవడానికి వారం నుంచి మూడు వారాలు పట్టవచ్చు. నిన్న మొన్నటి సంగతి చెబితే చాలదు. పురుగుమందు కొట్టిన రోజే చెమటలు, చొంగ కారడం, చూపు మసకబారడం ఉంటే ఆ డబ్బా, లేదా దాని లేబులు ఫొటో తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే విరుగుడు ఏదో తెలుస్తుంది. ఆడవాళ్లను ఇలా చూడాల్సి వస్తే నర్సమ్మ గానీ ఇంట్లో ఆడమనిషి గానీ పక్కన ఉండాలని అడగండి. అది మీ హక్కు.

ప్రశ్న: హెర్నియా ఆపరేషనుకు చేరితే, ఓపీలో పదిమంది ముందు, మా ఆవిడ పక్కనుండగా "మందు తాగుతారా, రోజుకెంత?" అని అడిగారు. సిగ్గుతో లేదన్నాను. హెర్నియాకూ దానికీ ఏమిటి పని?
— పేరు వద్దు, భీమవరం

జవాబు: అడిగిన ప్రశ్న సరైనదే. అడిగిన చోటు మాత్రం తప్పు. మీరు సిగ్గుపడి దాచింది ఆ తప్పు వల్లే.

రోజూ తాగే అలవాటున్న మనిషి ఆసుపత్రిలో చేరితే ఒక్కసారిగా మానేసినట్టే. ఆరు గంటలు గడిచాక ఎప్పుడైనా చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, మంచం దిగి పరిగెత్తుతారు, కుట్లు ఊడతాయి. ముందే తెలిస్తే మాత్రలతో దీన్ని ఆపొచ్చు. తెలియకపోతే ఆపరేషన్ వికటించిందనుకుని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆపరేషనుకు మత్తు ఇచ్చే డాక్టరుకు మోతాదు లెక్క కూడా కావాలి. ఇప్పటికైనా ఆపరేషనుకు ముందు ఆ మత్తు డాక్టరుతో విడిగా నిజం చెప్పండి. "మొదట చెప్పడానికి మొహమాటపడ్డాను" అంటే సరిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు.

చెప్పేటప్పుడు "అప్పుడప్పుడూ" అనకండి. ఏది, ఎంత, వారానికి ఎన్ని రోజులు, చివరిసారి ఎప్పుడు అన్నది చెప్పండి. తాటికల్లును మన ఊళ్లలో చాలామంది మందు కింద లెక్కేయరు. దాన్నీ లెక్కేయాలి. చుట్ట, జర్దా కిళ్లీ, ఖైనీ కూడా అంతే. "సిగరెట్టు తాగుతారా?" అంటే లేదనేసి చుట్ట సంగతి చెప్పకపోతే డాక్టరుకు తెలిసింది సగమే.

గోప్యత గురించి. ఇండియన్ మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం రోగి చెప్పిన రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్ర ప్రమాదం, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటురోగం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి "ఇది లోపల చెబుతానండీ" అని నిర్మొహమాటంగా అనొచ్చు. అలా అంటే ఏ మంచి డాక్టరూ కోపగించుకోరు.

ఇంకొకటి, చాలామంది ఆలోచించనిది. ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు "షుగరు ఎప్పటి నుంచి?" అంటే తోచినట్టు "పదేళ్లయింది" అనేస్తారు. అదే కేస్ షీటులోకి ఎక్కుతుంది. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయితే క్లెయిము దగ్గర, ముందే ఉన్న జబ్బు దాచారని పేచీ వస్తుంది. అబద్ధం చెప్పమనడం లేదు. మొదట షుగరు తేలిన రక్తపరీక్ష కాగితం చూసి తేదీ చెప్పండి. 2024 ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం ముందున్న జబ్బుకు క్లెయిము ఇవ్వడానికి పాలసీలో పెట్టే నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదు. అరవై నెలలు తెగకుండా కట్టిన పాలసీకి, మోసం రుజువైతే తప్ప, దాచారన్న సాకుతో క్లెయిము కాదనకూడదు. మీ కేసు కాగితాల నకళ్లు అడిగితే ఆసుపత్రి 72 గంటల్లో ఇవ్వాలి. తప్పు రాసి ఉంటే డిశ్చార్జి కాకముందే చూసి దిద్దించుకోండి.

ప్రశ్న: నాన్నగారికి కంటి శుక్లం ఆపరేషన్. "రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు, ప్రోస్టేటుకు మాత్ర వాడుతున్నారా?" అని అడిగారట కంటి డాక్టరు. ఆయన నవ్వొచ్చి జవాబే చెప్పలేదు.
— తణుకు

జవాబు: వెంటనే ఫోను చేసి చెప్పండి. ప్రోస్టేటు అంటే మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి, అది పెరిగితే రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేస్తారు. దానికి వాడే టామ్సులోసిన్ కంటిపాప చుట్టూ ఉండే పొరను వదులు చేస్తుంది. ఆపరేషన్ మధ్యలో పాప చిన్నదైపోయి, ఆ పొర కోత దగ్గరకు జారుతుంది. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగిన ఇంజెక్షను, పాపను విప్పి పట్టే రింగు సిద్ధం చేసుకుంటారు. మాత్ర మీరు ఆపకండి. నాలుగు రోజులు ఆపినంత మాత్రాన ఆ ప్రభావం పోదు. ఎప్పుడో వాడి మానేసినా చెప్పాలి. ఆయాసం ఉంటే అదీ చెప్పండి. గ్లకోమాకు (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకు) వేసే టిమోలాల్ చుక్కలు ఆస్తమాను రేపుతాయి.

ప్రశ్న: మొటిమలకు వెళితే నెలసరి తేదీ అడిగారు. పెళ్లి కాలేదన్నా, గర్భం లేదని పరీక్ష కావాలన్నారు. అమ్మ పక్కనే ఉంది. తల కొట్టేసినట్టయింది.
— ఒక విద్యార్థిని, రావులపాలెం

జవాబు: అమ్మా, అది నిన్ను అనుమానించి అడిగింది కాదు. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డ మెదడు, గుండె, ముఖం లోపాలతో పుట్టే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే పెళ్లయిందా లేదా అని చూడకుండా ఆడవాళ్లందరికీ అదే నియమం పెడతారు. మందు ఆపాక కూడా నెల రోజులు గర్భం రాకూడదు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు కూడా ఉంటే మొటిమలకు మూలం హార్మోన్లలో ఉండొచ్చు. తేదీ అడగడానికి అది ఇంకో కారణం. చెప్పాల్సింది చివరి నెలసరి మొదలైన రోజు, ముగిసిన రోజు కాదు. డాక్టరు గారు ముందు ఈ కారణం చెప్పి, అమ్మను ఒక్క నిమిషం బయట ఉండమని అడిగి ఉండాల్సింది. ఈసారి నువ్వే "ఒక్కదాన్నే మాట్లాడతాను" అని అడుగు.

ప్రశ్న: మోకాలు నొప్పికి వెళితే బరువు తగ్గమన్నారు. బీపీ చూశారు, ఎక్కువుందన్నారు, పరీక్షలు రాశారు. మోకాలు ముట్టుకోలేదు!
— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, మండపేట

జవాబు: ఈ ఉత్తరంలో న్యాయం పూర్తిగా మీ వైపే ఉంది. బరువు మాట నిజమే, కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కానీ మోకాలు చూడకుండా ఆ మాట చెప్పడం సరికాదు. నడిపించి చూడాలి, వంచి చూడాలి, కీలు అంచున నొక్కి చూడాలి. తుంటి కూడా తిప్పి చూడాలి, తుంటి అరిగితే నొప్పి మోకాలిలో తెలుస్తుంది కాబట్టి.

మళ్లీ వెళ్లినప్పుడు కూర్చోగానే మొదటి వాక్యం ఇలా అనండి: "కుడి మోకాలు, మూడు నెలల నుంచి, మెట్లు దిగేటప్పుడు నొప్పి. ఈ రోజు ఇది చూడాలండీ." ఇంకేమైనా సమస్యలుంటే అప్పుడే "ఇంకో రెండున్నాయి" అని చెప్పేయండి. లేచి తలుపు దగ్గర చెబితే ఎవరూ సరిగా వినలేరు. పరీక్ష రాస్తే "దీని ఫలితాన్ని బట్టి వైద్యం ఏం మారుతుందండీ?" అని అడగండి. కిడ్నీ పరీక్షయితే జవాబు తేలిక: నొప్పి మాత్రలు కిడ్నీలకు పడతాయో లేదో తెలియాలి. జవాబు రాని పరీక్ష వాయిదా వేసుకోవచ్చు.

బీపీ సంగతి. బస్సు దిగి, మెట్లెక్కి, రాగానే పట్టీ చుడితే ఎక్కువే వస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు కూర్చోవాలి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ వద్దు, మూత్రానికి వెళ్లి రావాలి. పట్టీ చీర మీదో జాకెట్టు మీదో కాదు, ఒట్టి చేతి మీద, గుండె ఎత్తులో చుట్టాలి. చూసేటప్పుడు మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. వేరే వేరే రోజుల్లో 140/90 గానీ ఆపైన గానీ వస్తేనే బీపీ ఉందనుకోవాలి.

మందులన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకుని వెళ్లండి. నాటు మందులు, ఆయుర్వేదం పొడులు, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన కాగితం పొట్లాలు కూడా. మోకాళ్లకు ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. బీపీ, షుగరు పెరగడానికి అదీ ఒక కారణం. మందుల షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే, పేరూ గడువు తేదీ ఉన్న ముక్కే ఇమ్మని అడిగి తీసుకోండి.