లివర్ కణం మీద అంత ఒత్తిడి ఎక్కడిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. షుగర్ లేదు, మందు తాగను. కంపెనీ హెల్త్ చెకప్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. రక్తంలో లివర్ ఎంజైమ్‌లు ఏఎస్‌టీ 46, ఏఎల్‌టీ 81, ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు. ‘లివర్ కణాలు స్ట్రెస్‌లో ఉన్నాయి’ అన్నారు. ఇది ఆఫీసు టెన్షన్ వల్లేనా? విటమిన్ ఇ, డీటాక్స్ పొడులు వాడితే తగ్గుతుందా? నూనె మాత్రం పూర్తిగా మానేశాను.
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: ఆ స్ట్రెస్ మీ మనసుది కాదు, కణానిది. నిద్ర చాలకపోవడం, వేళాపాళా లేని తిండి బరువు పెంచుతాయి కాబట్టి ఉద్యోగానికీ కొంత పాత్ర ఉంది, అంతవరకే.

లివర్‌లోకి కొవ్వు మూడు దారుల్లో చేరుతుంది. ఒంట్లోని నిల్వలు కరిగి రక్తం ద్వారా వచ్చేది సుమారు 60 శాతం. చక్కెర, పిండిపదార్థాల నుంచి లివరే తయారుచేసుకునేది పావు వంతు. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చేది 15 శాతమే. నూనె మానేసి అన్నం, బిస్కెట్లు మునుపటిలాగే తింటే రిపోర్టు మారదు.

కొవ్వు బొట్లుబొట్లుగా నిల్వ ఉన్నంతకాలం కణం ఓర్చుకుంటుంది. నిల్వ చేయలేనంతగా వచ్చిపడే కొవ్వు ఆమ్లాలతోనే, ముఖ్యంగా పామిటిక్ ఆమ్లం లాంటి సంతృప్త ఆమ్లాలతో, తంటా. వాటిని కాల్చలేక, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ చిమ్ముతాయి. ప్రొటీన్లను సరిగ్గా మడతపెట్టే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో పని గాడి తప్పి, మడత కుదరని ప్రొటీన్లు పేరుకుపోతాయి. అప్పుడు పెర్క్, ఐఆర్‌ఈ1, ఏటీఎఫ్6 అనే మూడు కాపలా ప్రొటీన్లు మేల్కొంటాయి. కొత్త ప్రొటీన్ల తయారీని తగ్గించి, మడతపెట్టే సహాయకుల సంఖ్య పెంచుతాయి. నిజానికి ఇది రక్షణ చర్యే. నెలల తరబడి సాగితేనే ఎదురు తిరుగుతుంది. ఐఆర్‌ఈ1 దారి ఇన్సులిన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది, పెర్క్ దారి చివరికి కణాన్ని చావు వైపు నెడుతుంది. ఇన్సులిన్ మాట వినని లివర్ చక్కెర వదులుతూనే ఉంటుంది. దాంతో రక్తంలో ఇన్సులిన్ ఇంకా పెరుగుతుంది, కొవ్వు తయారీ మాత్రం ఆగదు. చచ్చే కణాల నుంచి వచ్చే సంకేతాలకు పక్కనున్న స్టెల్లేట్ కణాలు లేచి కొల్లాజెన్ పోగు చేస్తాయి. అదే ఫైబ్రోసిస్, అంటే మచ్చ.

మీ భవిష్యత్తు తేల్చేది ఆ మచ్చే. గ్రేడ్ 2 అన్న మాట కొవ్వు ఎంతుందో చెబుతుంది, మచ్చ గురించి ఏమీ చెప్పదు. దానికి ఫిబ్-4 లెక్క ఉంది. వయసును ఏఎస్‌టీతో గుణిస్తే మీకు 1748. ఏఎల్‌టీ వర్గమూలం 9, దాన్ని వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్లతో, అంటే 230తో గుణిస్తే 2070. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.84. 1.3 లోపు ఉంది కాబట్టి ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 1.3 దాటితే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి, 2.67 దాటితే నేరుగా హెపటాలజిస్ట్ (లివర్ నిపుణుడు) దగ్గరికి వెళ్లాలి. 35 ఏళ్ల లోపువారికి ఈ లెక్క అంతగా నప్పదు. 65 దాటినవారికి 1.3 బదులు 2 చూస్తారు.

ఇక విటమిన్ ఇ. 2010లో వెలువడిన పివెన్స్ అనే క్లినికల్ ట్రయల్‌లో రోజుకు 800 యూనిట్ల చొప్పున 96 వారాలు ఇస్తే లివర్ వాపు మెరుగైనవారు 43 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 19 శాతం. మచ్చలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లంతా షుగర్ లేని, బయాప్సీలో వ్యాధి తేలినవాళ్లు. మగవాళ్లలో దీర్ఘకాలం వాడితే ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుందని మరో పెద్ద ట్రయల్‌లో తేలింది. మీ అంతట మీరు కొని వేసుకోకండి. డీటాక్స్ పొడుల జోలికి అసలే పోవద్దు: గ్రీన్ టీ సారం, తిప్పతీగ, అశ్వగంధ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

పనిచేసేది బరువు తగ్గడమే. 5 శాతం, అంటే మీకు నాలుగు కిలోల పైచిలుకు తగ్గితే కొవ్వు తగ్గుతుంది. వాపు తగ్గాలంటే 6 నుంచి 8 కిలోలు తగ్గాలి. వారానికి అర కిలో చాలు. పస్తులుండి గబగబా తగ్గితే ఆ 60 శాతం దారి బార్లా తెరుచుకుని, కొవ్వంతా లివర్ మీదే పడుతుంది. పిత్తాశయంలో రాళ్లూ రావచ్చు. ముందు కూల్‌డ్రింకులు, పళ్లరసాలు, చాయ్‌లో చక్కెర, ఉస్మానియా బిస్కెట్లు ఆపండి. రాత్రి అన్నం సగం చేసి పప్పు, కూర పెంచండి. నూనె పూర్తిగా మానక్కర్లేదు, మనిషికి రోజుకు మూడు నాలుగు చెంచాలు వాడుకోవచ్చు. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవండి. బరువు తగ్గకపోయినా నడకతో లివర్ కొవ్వు కొంత తగ్గుతుంది. ఆరు నెలలకు ఏఎల్‌టీ మళ్లీ చూపించుకోండి. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఇంతవరకు చేయించకపోతే ఈలోగా చేయించుకోండి.

ప్రశ్న: ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు ఫిల్టర్ కాఫీ మానాలా?
– ఒక గృహిణి, సికింద్రాబాద్

జవాబు: అక్కర్లేదు. రోజూ రెండు మూడు కప్పులు తాగేవారిలో లివర్ మచ్చ తక్కువగా కనిపించిందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. చక్కెర వేయకండి, పాలు తగ్గించండి. గుండెదడ, నిద్రలేమి ఉంటే తాగొద్దు.