లాంగ్‌టర్మ్ కోచింగ్ కోసం బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది కర్నూలు, కల్లూరు. మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ దుకాణంలో గుమస్తాను. జీతం 22,000. నా భార్య బట్టలు కుట్టి నెలకు 6,000 దాకా సంపాదిస్తుంది. అమ్మాయికి నీట్‌లో 438 మార్కులు వచ్చాయి: బయాలజీ 296, కెమిస్ట్రీ 95, ఫిజిక్స్ 47. ఫిజిక్స్‌లో 33 ప్రశ్నలు చేస్తే 17 తప్పులు. మళ్లీ రాస్తానంటోంది. విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు 1,20,000, హాస్టల్‌కు 70,000 అన్నారు. 10,000 అడ్వాన్సు కట్టాం. పోస్టాఫీసు ఆర్‌డీలో 70,000 ఉంది. మిగతాదానికి బంగారం కుదువ పెట్టాలా, లేక ఈఏపీసెట్ ర్యాంకుతో మహానందిలో అగ్రికల్చర్ బీఎస్సీకి ప్రయత్నించాలా? అబ్బాయి వచ్చే ఏడాది ఇంటర్‌లో చేరతాడు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మళ్లీ రాయించవచ్చు. బంగారం మాత్రం బీరువాలోంచి తీయకండి. పరీక్ష మళ్లీ రాయాలంటే విజయవాడ వెళ్లి తీరాలన్నట్టు అడిగారు. మీ అమ్మాయి మార్కులు చూస్తే ఆ అవసరం కనిపించడం లేదు.

బయాలజీలో 360కి 296 తెచ్చుకున్న పిల్లకు చదవడం వచ్చు. దెబ్బ కొట్టింది ఫిజిక్స్. ఆ 17 ప్రశ్నలు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే 47 బదులు 64 వచ్చేవి. తప్పుకు ఒక మార్కు పోతుందని తెలిసీ అంచనాతో గుర్తించిందంటే, పాఠం సగమే వచ్చని అర్థం. కెమిస్ట్రీ 95 కూడా గొప్పేమీ కాదు గానీ, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వదలకుండా చదివితే పెరిగేదే. ఒకటిన్నర సబ్జెక్టు బాగుచేయడానికి మూడు సబ్జెక్టులకూ, పైగా హాస్టల్‌కూ డబ్బు కడతానంటున్నారు.

ఆ డబ్బెంతో చూద్దాం. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీకు చెప్పిన 1,20,000లో అది కలిసి ఉందో లేదో అడగండి. లేకపోతే ఇంకో 21,600. అప్పుడు మొత్తం 2,11,600. కట్టిన 10,000 పోగా, ఆర్‌డీ అంతా ఊడ్చినా 1,30,000 పైచిలుకు అప్పు. ప్రభుత్వ బ్యాంకులో బంగారం మీద నూటికి రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. తొందరపడి బయట నూటికి రూపాయిన్నరకు తెస్తే నెలకు దాదాపు 2,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. పైగా విద్యారుణం మామూలుగా కోచింగ్‌కు ఇవ్వరు. అబ్బాయి ఇంటర్ ఫీజు కట్టే రోజుకు ఆర్‌డీ ఉండదు, బంగారం చేతిలో ఉండదు.

దీనికి బదులు కర్నూలులోనే మంచి ఫిజిక్స్ మాస్టారిని వెతకండి. నెలకు 5,000 అనుకుందాం. అది మీ ఇంటావిడ కుట్టుపని డబ్బులోంచే వెళ్తుంది. టెస్ట్ సిరీస్ ఒకటి విడిగా కొనండి. ఇంట్లో టీవీ గోల ఉంటే పగలు గ్రంథాలయంలో కూర్చోవచ్చు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఖర్చు తక్కువ కావడం ఒక్కటే కాదు, ఏ నెలలోనైనా ఆపేయవచ్చు. డిసెంబరుకల్లా టెస్టుల్లో ఫిజిక్స్ 90 దాటకపోతే ఆ నెలతో ఫీజు ఆపి, దృష్టి ఈఏపీసెట్ మీదకు మళ్లించండి. స్నేహితురాళ్లంతా విజయవాడ వెళ్తుంటే ఒక్కతే ఇంట్లో ఉండిపోవడం ఆ వయసులో కష్టమే, తెలుసు. రాజ్‌విహార్ సెంటర్ దాటేటప్పుడు కనిపించే హోర్డింగుల్లో ర్యాంకులు వచ్చినవాళ్ల ఫోటోలే ఉంటాయి. రాకపోయినవాళ్లూ అదే ఫీజు కట్టారని ఆమెకు చెప్పి చూడండి.

అయితే ఇదంతా ఒక షరతు మీద. మీరు మార్కులు రాశారు, ర్యాంకు రాయలేదు. నీట్‌లో మార్కుకు సొంతంగా విలువ లేదు. 2024లో చివరకు 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో ప్రశ్నపత్రం కఠినంగా రావడంతో దేశంలో మొదటి ర్యాంకుకే 686. కాబట్టి ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం సీట్ల కేటాయింపు జాబితాల్లో, మీ కేటగిరీలో ప్రభుత్వ కాలేజీలో ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో, ఆ ర్యాంకుకు మార్కులెన్నో చూడండి. తేడా 60, 70 మార్కులైతే మీ అమ్మాయి ఫిజిక్స్‌లోనే అది ఉంది, రాయించండి. 150 దాటితే మరో ఆలోచన లేకుండా అగ్రికల్చర్ సీటుకు ప్రయత్నించండి. అందులో చేరి, పక్కన నీట్ కూడా చదువుతానంటే ఒప్పుకోకండి. సెమిస్టర్లు, హాజరు, పొలం పనుల ప్రాక్టికల్స్ మధ్య రెండూ సగం సగం అవుతాయి.

ఇంకొకటి ఈరోజే తేల్చుకోవాలి. వచ్చే ఏడాది కాస్త తక్కువ పడితే ‘బి కేటగిరీ (యాజమాన్య కోటా) సీటు ఉంది కదా’ అనేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. ప్రైవేటు కాలేజీలో దాని ఫీజు ఏడాదికి 12 లక్షలకు పైమాటే, చదువు పూర్తయ్యేసరికి అర కోటి దాటుతుంది. 28,000 ఆదాయానికి అది అందే సంగతి కాదు. ఆ దారి లేదని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. సీటు దాకా వచ్చాక చెప్పడం మీకూ కష్టం, ఆమెకూ కష్టం.

ఇక ఆ 10,000. విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి కోచింగ్ ఫీజు, వాళ్ల హాస్టల్ ఫీజు కూడా 10 రోజుల్లో వాపసు ఇవ్వాలని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ అమ్మాయి ఇంకా తరగతిలో అడుగే పెట్టలేదు. రసీదు నకలు జతచేసి, అడ్వాన్సు తిరిగి ఇమ్మని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఫోనులో అడిగి ఊరుకోకండి.