మీటర్ ఓనర్ పేరు మీద ఉంటే జీరో బిల్లు రాదా?

ప్రశ్న: బోరబండలో కిరాయికి ఉంటున్నాం మేడమ్. తెల్ల రేషన్ కార్డు ఉంది. పాత ఇంట్లో జీరో బిల్లు వచ్చేది, ఇల్లు మారాక ప్రతి నెలా కట్టాల్సి వస్తోంది. మీటర్ తన పేరు మీద ఉంది, కిరాయిదారులకు రాదు అంటున్నారు ఓనర్. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది, అది కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుంది. మీటర్ ఎవరి పేరు మీద ఉందన్నది కాదు, మీ రేషన్ కార్డుకు, ఆధార్‌కు ఏ మీటర్ జతయి ఉందన్నదే లెక్క. మీ విషయంలో పాత ఇంటి కరెంటు కనెక్షన్ నంబరే ఇంకా ఉండిపోయినట్టుంది. ఇల్లు మారితే అది దానంతట అది మారదు, మనమే వెళ్లి మార్పించుకోవాలి.

ఇప్పుడున్న ఇంటి కరెంటు బిల్లు తీసి చూడండి, యూఎస్‌సీ అని 9 అంకెల కనెక్షన్ నంబర్ ఉంటుంది. ఆ చీటీ మీద అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి కాబట్టి రాగానే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ బిల్లు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని మీ సర్కిల్ మున్సిపల్ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లి నంబర్ మార్చమని అడగండి. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు అదే నంబర్ ఇచ్చారేమో కూడా అక్కడే కనుక్కోండి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోకుండా మాత్రం రావద్దు. ఓనర్‌తో గొడవ పడాల్సిన పని లేదు, మీకు జీరో బిల్లు వస్తే ఆయన జేబులోంచి రూపాయి కూడా పోదని నెమ్మదిగా చెప్పండి, చాలామంది ఓనర్లు తెలియక భయపడుతుంటారు.

ప్రశ్న: ఏప్రిల్ దాకా జీరో బిల్లే వచ్చింది. మే నెలలో 214 యూనిట్లు కాలిందని వెయ్యి రూపాయలు దాటిన బిల్లు ఇచ్చారు. ఆ 14 యూనిట్లకే కట్టాలి కదా?

జవాబు: కాదండీ, 200 దాటితే మొత్తం 214కీ కట్టాల్సిందే. పైగా 200 దాటగానే స్లాబ్ మారిపోతుంది: మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున, మిగతా 14కు 7 రూపాయల 70 పైసల చొప్పున వేస్తే ఎనర్జీ చార్జీలే 1,127 రూపాయల 80 పైసలు, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. పేదింటికి అది ఒక్కసారిగా మీద పడే బరువు, నాకైతే ఈ నిబంధన అన్యాయంగానే అనిపిస్తుంది, దాటినవాటికే వసూలు చేసే పద్ధతి ఉండాలి.

ఉన్న నిబంధనలో మనం చేయగలిగింది రోజుకు ఆరు యూనిట్లు దాటకుండా చూసుకోవడం. 200 వాట్ల కూలర్ పది గంటలు తిరిగితే 2 యూనిట్లు, 2,000 వాట్ల గీజర్ అరగంటకు 1 యూనిట్. వారానికోసారి మీటర్ రీడింగ్ గోడ క్యాలెండర్ మీద రాసుకుంటే నెల మధ్యలోనే తెలిసిపోతుంది. ఇంకొకటి, మీ ఇంట్లో మెయిన్ ఆపేసి మీటర్ దగ్గర నిలబడండి. ఎర్ర లైటు ఇంకా కొట్టుకుంటుంటే మీ మీటర్ మీద వేరే ఏదో నడుస్తోందన్నమాట. నాలుగు పోర్షన్ల ఇళ్లలో బోరు మోటారు, మెట్ల లైట్లు ఒకరి మీటర్‌కే తగిలించేయడం మామూలే. అదే అయితే ఓనర్‌ని అడిగి వాటికి విడిగా మీటర్ పెట్టించండి, అడగడానికి మొహమాటం వద్దు.

ప్రశ్న: నెలకు 20 వేల లీటర్ల మంచినీళ్లు ఉచితమన్నారు, మాకు బిల్లు వస్తోంది.

జవాబు: ముందు రెండు చూసుకోండి. మీ నల్లా క్యాన్ నంబర్‌కు (నీళ్ల బిల్లు మీద ఉండే ఖాతా నంబర్) ఆధార్ జత అయిందా, నల్లా మీటర్ పనిచేస్తోందా. బస్తీ కనెక్షన్లకు మీటర్ అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలు. మీది బస్తీ ఇల్లయి ఉండి బిల్లులో మామూలు గృహ కనెక్షన్ అని పడితే, ఆ బిల్లు తీసుకుని జలమండలి సెక్షన్ ఆఫీసులో కేటగిరీ మార్చమని రాసివ్వండి.