డ్రమ్ము తీసి డిస్కు వేయాలంటే: పాత కార్ల పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బ్రేకుల గురించే. అరకు ఘాట్, సింహాచలం కొండ, సముద్రపు గాలి మూడూ ఉన్న ఊరు కాబట్టి ఆశ్చర్యం లేదు. మొదటి ఉత్తరానికి జవాబు పొడవుగా ఇచ్చాం. మిగతావి చాలావరకు దానికి కొనసాగింపే.

ప్రశ్న: మా దగ్గర 1965 ఫోర్డ్ మస్తాంగ్ ఉంది. 289 వీ8 ఇంజిను, ఎడమ వైపు స్టీరింగ్. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు. అరకు నుంచి దిగేటప్పుడు అనంతగిరి దాటాక బ్రేక్ పెడల్ కిందికి జారిపోతోంది. ముందు చక్రాలకు డిస్కు కిట్ తెప్పిద్దామనుకుంటున్నాం. ఇంకేం మార్చాలి?
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: పెడల్ ఎలా జారుతోందో ముందు గమనించండి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, దాన్ని లోపలి నుంచి ఒరిసి ఆపే షూలకు దూరమవుతుంది, దాంతో పెడల్ ప్రతిసారీ ఇంకాస్త కిందికి వెళ్తుంది. పెడల్ పైనే గట్టిగా ఉండి కారు మాత్రం ఆగకపోతే, వేడికి షూల మీది లైనర్ల పట్టు తగ్గిందని అర్థం. మెత్తగా దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పట్టింది. మొదటి రెండింటికీ డిస్కుతో మంచి గుణం కనిపిస్తుంది. మూడోది మాత్రం ఆయిల్ మార్చకపోతే డిస్కు వేసినా వస్తుంది.

ఇక అసలు విషయం. డిస్కు, ప్యాడ్లు, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్ బిగించి పాత మాస్టర్ సిలిండర్‌ను అలాగే ఉంచేస్తే డబ్బు ఖర్చయి బ్రేకు ఇంకా చెడుతుంది. డ్రమ్ములో తిరిగే చక్రమే ముందు షూను లోపలికి లాక్కుంటుంది, అంటే మీ కాలికి కొంత సాయం ఉచితంగా దొరుకుతోంది. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్‌ను నొక్కే బలమంతా ఆయిల్ ఒత్తిడి నుంచే రావాలి. కాబట్టి ఆ ఒత్తిడి పుట్టేచోటు, అంటే మాస్టర్ సిలిండర్, మారి తీరాలి.

మార్చడానికి ఇంకో మూడు కారణాలున్నాయి. మీ కారుది ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మస్తాంగ్‌కు రెండు గదుల మాస్టర్ సిలిండర్ 1967 మోడల్ నుంచే వచ్చింది. రెండోది, డ్రమ్ము మాస్టర్ ఔట్‌లెట్‌లో సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని పైపులో నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు గాలి పీల్చకుండా ఉండేందుకు డ్రమ్ముకు అది కావాలి. డిస్కు లైన్లో అదే వాల్వు ఉంటే కాలు తీశాక కూడా ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉంటాయి. మూడోది, ప్యాడ్ అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ వెనక చోటంతా ఆయిల్ నింపాలి. డ్రమ్ము మాస్టర్‌లోని చిన్న గది అందుకు చాలదు.

కొత్త మాస్టర్ బోరు, అంటే లోపలి వ్యాసం, ఎంత ఉండాలో కొనేముందే లెక్క వేసుకోండి. పెడల్ ఇరుసు నుంచి కాలు పెట్టే చోటు మధ్యకు ఉన్న దూరాన్ని, ఇరుసు నుంచి, మాస్టర్ పిస్టన్‌ను తోసే పుష్‌రాడ్ తగిలే చోటికి ఉన్న దూరంతో భాగించండి. 30 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్లు అయితే నిష్పత్తి 6. బూస్టర్ లేని బండికి సుమారు 6, ఉన్న బండికి సుమారు 4 ఉంటే బాగుంటుంది. నిష్పత్తి 6, బోరు 1 అంగుళం అనుకుందాం. 60 కిలోల బలంతో తొక్కితే పుష్‌రాడ్ మీద 360 కిలోలు పడుతుంది. బోరు వైశాల్యం 5.07 చదరపు సెంటీమీటర్లు కాబట్టి లైన్లో చదరపు సెంటీమీటరుకు సుమారు 71 కిలోలు, అంటే 1000 పీఎస్‌ఐ పైచిలుకు వస్తుంది. గట్టిగా ఆపడానికి అది సరిపోతుంది. బోరు 15/16 అంగుళానికి తగ్గిస్తే అదే కాలి బలానికి ఒత్తిడి 14 శాతం దాకా పెరుగుతుంది, పెడల్ ప్రయాణం కూడా అంతే పెరుగుతుంది. కాలు బరువనిపిస్తోందని పెద్ద బోరు మాస్టర్ తెచ్చేవాళ్లున్నారు. దాంతో పెడల్ ఇంకా గట్టిపడుతుంది తప్ప తేలికవ్వదు.

సామాన్లు: డిస్కులు 2, కాలిపర్లు 2, బ్రాకెట్లు 2, ప్యాడ్లు 4, రబ్బరు హోసులు 2, లోపలి బేరింగులు 2, బయటి బేరింగులు 2, గ్రీజు సీళ్లు 2, కొత్త కాటర్ పిన్నులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్, వెనక లైనులో ఒత్తిడిని తగ్గించే, తిప్పి సర్దుకునే ప్రపోర్షనింగ్ వాల్వు, 3/16 అంగుళం పైపు 25 అడుగుల చుట్ట, బ్రేక్ ఆయిల్ ఒకటిన్నర లీటరు. మాస్టర్ లోపల వెనక డ్రమ్ములకు 10 పీఎస్‌ఐ వాల్వు లేకపోతే అది విడిగా ఒకటి కావాలి. ఆర్డరిచ్చే ముందు మీది ఐదు బోల్టుల వీ8 హబ్ అని చెప్పండి. ఆరు సిలిండర్ల బండికి నాలుగు బోల్టులే, ఆ కిట్ మీకు పట్టదు. 14 అంగుళాల పాత రిమ్ములు కాలిపర్‌కు తగలొచ్చు. టైరు లేని రిమ్ము పెట్టి చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ సందు ఉంటే 15 అంగుళాల రిమ్ములకు వెళ్లండి. కాలిపర్‌ను గ్రైండ్ చేయించొద్దు.

బిగించేటప్పుడు కారును జాకీ మీద వదలకండి, స్టాండ్ల మీద పెట్టండి. డ్రమ్ము, బ్యాకింగ్ ప్లేటు తీశాక చక్రం తిరిగే స్పిండిల్ మీద బేరింగ్ కూర్చునే చోట గోటితో గీరి చూడండి. గాడి తగిలితే స్పిండిల్ మార్చాలి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి, లేకపోతే ప్యాడ్ తాగేస్తుంది. బేరింగుకు గ్రీజు అరచేతిలో వేసుకుని రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా నొక్కండి. డిస్కును తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, మళ్లీ వేళ్లతో తగిలేంతవరకే బిగించి కాటర్ పిన్ను వేయండి. డయల్ గేజ్ పెడితే ఊగు 0.1 మిల్లీమీటరు దాటకూడదు. కాలిపర్ బిగించాక, గాలి తీసే బ్లీడింగ్ నిప్పల్ పైభాగంలో ఉందో లేదో చూడండి. కిందికి ఉంటే కుడి ఎడమలు తారుమారయ్యాయి. అప్పుడు ఎన్నిసార్లు తొక్కినా గాలి పైనే మిగిలిపోతుంది.

పాత పైపుల్లో ముందుకూ వెనక్కూ ఆయిల్ చీలే ఇత్తడి టీ ఒకటి ఉంటుంది. రెండు గదుల మాస్టర్ వేశాక ముందు, వెనక లైన్లు పూర్తిగా విడిపోవాలి. పెద్ద గది ముందు డిస్కులకు, చిన్న గది వెనక డ్రమ్ములకు. పైపు చివర 45 డిగ్రీల డబుల్ ఫ్లేరే (రెండు పొరలుగా మడిచి వెడల్పు చేసిన మూతి) ఉండాలి. సింగిల్ ఫ్లేర్ ఈ ఒత్తిడికి చీలుతుంది. ఏసీ పనివాళ్లు వాడే మామూలు రాగి గొట్టం అసలు వద్దు, అదురుకు గట్టిపడి విరుగుతుంది. విశాఖ ఉప్పుగాలికి ఇనుప పైపు కంటే రాగి నికెల్ మిశ్రమం పైపు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ కాస్త ఖర్చుకు వెనకాడొద్దు.

మాస్టర్‌ను కారుకు బిగించే ముందు వైస్‌లో పెట్టి, ఔట్‌లెట్ల నుంచి గొట్టాలు గదుల్లోకే తిప్పి, బుడగలు ఆగేదాకా నెమ్మదిగా నొక్కండి. ఈ పని ఎగ్గొడితే తర్వాత ఎంతసేపు గాలి తీసినా పెడల్ గట్టిపడదు. కారు మీద గాలి తీసే వరస: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. వెనక షూలను ముందే సరిగ్గా అడ్జస్ట్ చేయాలి. అవి దూరంగా ఉంటే పెడల్ సగం ప్రయాణం వాటికే పోతుంది, తప్పు కొత్త డిస్కుల మీద పడుతుంది.

ప్రపోర్షనింగ్ వాల్వును మొదట వెనక ఒత్తిడి బాగా తగ్గేలా పెట్టండి. జనం లేని ఖాళీ చోట 40 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కి, ఒక్కో చుట్టు తెరుస్తూ రండి. ముందు చక్రాలు పట్టేశాకే వెనకవి పట్టాలి. వెనకవి ముందే పట్టేస్తే కారు అడ్డం తిరుగుతుంది. ప్యాడ్లు పదును పడాలంటే 50 నుంచి 10 కిలోమీటర్లకు తగ్గిస్తూ పదిసార్లు, మధ్యలో అర నిమిషం విడుపు. పూర్తిగా ఆపకండి. బీచ్ రోడ్డులో ఈ పని పెట్టుకోవద్దు. ఇవన్నీ అయ్యాక కూడా ఘాట్ దిగేటప్పుడు కింది గేరులోనే రండి.

ప్రశ్న: పాత కారుకు ముందు డిస్కులు వేయించాం. ఐదారు కిలోమీటర్లు వెళ్లేసరికి ముందు రెండు చక్రాలూ కాలిపోతున్నాయి, కారు బిగుసుకుంటోంది. చల్లారాక మామూలే. మెకానిక్ కాలిపర్లు మార్చమంటున్నాడు.
– గాజువాక పాఠకుడు

జవాబు: రెండు చక్రాలూ ఒకేసారి పట్టేస్తున్నాయంటే కాలిపర్ల మీద అనుమానం తక్కువ. మార్చకండి, ముందు ఇలా చూడండి. కారు బిగుసుకున్నప్పుడే, చదును నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, మాస్టర్ సిలిండర్ బిగించిన నట్లు రెండూ 2 మిల్లీమీటర్లు వదులు చేయండి. చక్రం వదిలితే పుష్‌రాడ్ పొడవు ఎక్కువైంది. పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ తిరిగి గదిలోకి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతోంది. రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య 1.5 మిల్లీమీటర్ల ఆట ఉండేలా సర్దితే చాలు. వదలకపోతే, మాస్టర్ దగ్గర ముందు లైన్ నట్టును గుడ్డ అడ్డం పెట్టి కాస్త విప్పండి. అప్పుడు వదిలితే ఔట్‌లెట్‌లో డ్రమ్ము వాల్వు మిగిలిపోయి ఉంది, అది తీయాలి. మాస్టర్ నేల కింద, కాలిపర్ల కంటే దిగువన ఉన్న కార్లకు మాత్రం 2 పీఎస్‌ఐ వాల్వు అవసరం, లేకపోతే ఆయిల్ వెనక్కి జారుతుంది. లైన్ విప్పినా వదలక, కాలిపర్ నిప్పల్ విప్పితేనే వదిలితే రబ్బరు హోసు లోపల ఉబ్బింది. నిప్పల్ విప్పినా వదలనప్పుడే కాలిపర్ పిస్టన్, జారుడు పిన్నులు చూడాలి. చిందిన ఆయిల్‌ను వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్ లేస్తుంది. పరీక్ష అయ్యాక నట్లు బిగించి గాలి తీయడం మరవకండి.

ప్రశ్న: మా ఇంట్లో పాత అంబాసిడర్ ఉంది. దానికీ డిస్కులు వేయించాలా?
– భీమిలి పాఠకురాలు

జవాబు: ఊళ్లో తిరగడానికే అయితే అక్కర్లేదమ్మా. డ్రమ్ములు లేత్ మీద చూపించి గుండ్రం తప్పితే సరిచేయించండి, నాలుగు చక్రాలకూ ఒకే రకం లైనర్ వేయించండి, హోసులు మార్చండి. చాలా అంబాసిడర్ల బ్రేకు ఈ మూడింటితోనే కుదుటపడుతుంది. ఘాట్ ప్రయాణాలు ఎక్కువైతే, చివరి సంవత్సరాల్లో కంపెనీయే ముందు డిస్కులతో ఇచ్చిన అంబాసిడర్ల నుంచి స్టబ్ యాక్సిల్, హబ్, కాలిపర్, మాస్టర్, బూస్టర్ మొత్తం ఒకే బండివి తెచ్చుకోవడం మేలు. వేర్వేరు కార్ల ముక్కలు వెల్డింగ్ చేసి అతికించిన బ్రాకెట్‌ను మాత్రం ఒప్పుకోకండి.

ప్రశ్న: బ్రేకులు మారిస్తే రిజిస్ట్రేషన్‌కు ఇబ్బందా?
– సీతమ్మధార పాఠకుడు

జవాబు: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా పడేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదంటాయి. కాబట్టి ఛాసిస్‌ను కోయకుండా, రంధ్రాలు వేయకుండా బోల్టులతో కూర్చునే కిట్టే ఎంచుకోండి. పని మొదలుపెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయానికీ బీమా కంపెనీకీ రాతపూర్వకంగా తెలపండి. తీసిన డ్రమ్ములు, ప్లేట్లు, పాత మాస్టర్ గ్రీజు పూసి, పేర్లు రాసి దాచండి. కారును మళ్లీ పాత రూపుకు తేవాలంటే అవే ఆధారం.

ప్రశ్న: బ్రేక్ ఆయిల్ డాట్ 3 పోయాలా, డాట్ 4 పోయాలా? ఎన్నాళ్లకు మార్చాలి?
– మధురవాడ పాఠకుడు

జవాబు: డాట్ 4 పోయండి. కొత్త డాట్ 3 మరిగే కనీస స్థాయి 205 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 140. డాట్ 4కు అవి 230, 155. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మీ ఊళ్లో తేమకు కొదవలేదు. అందుకని ఏడాదికోసారి, వర్షాలు తగ్గాక మార్చడం మంచిది. సగం వాడి దాచిన డబ్బాలోది పోయొద్దు. ఊదారంగులో ఉండే సిలికోన్ డాట్ 5 వీటితో కలవదు. పొరపాటున ఇంజిన్ ఆయిల్ పడితే కప్పులు, సీళ్లు, హోసులు ఉబ్బిపోతాయి, అప్పుడు లైన్లు కడిగి రబ్బరు భాగాలన్నీ మార్చాల్సిందే.