ఆ కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయి?

ప్రశ్న: సార్, నాది హనుమకొండ. ఐదేళ్లుగా పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్నాను. మొన్న మార్చిలో మిర్చి యార్డుకు పోయినప్పుడు బస్తాల మీద కూర్చుని తువ్వాలతో కళ్లు తుడుచుకుంటున్న ఒక పెద్దాయనను తీశాను. ఆయన ఏడవడం లేదు, ఘాటుకు కళ్లు మండుతున్నాయి, నాకు తెలుసు, తీస్తూ నేనూ తుమ్ముతూనే ఉన్నాను. వెనక ఒక హమాలీ నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఉంటే ఫోటో తేలిపోతుందని ఆ హమాలీని చెరిపేసి, 'ధర రాక రైతు కన్నీరు' అని పెట్టాను. వేలమంది షేర్ చేశారు. వారం తర్వాత ఆ పెద్దాయన బిడ్డ ఫోన్ చేసి, "అన్నా, మా నాయన అప్పులపాలైండని ఊరంతా అంటున్నరు, నాకు సంబంధాలు చూస్తున్నరు, వాళ్లు గూడ అడిగిన్రు" అన్నది. వెంటనే తీసేశాను. కానీ సార్, ధర పడిపోయింది నిజమే కదా, రైతుల బాధ నిజమే కదా? ఇప్పుడు ఒక పోటీకి పంపాలని ఉంది. పంపొచ్చా?
ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పంపకు తమ్ముడూ. ఆ రాతతో, ఆ చెరిపిన ఫోటోను అస్సలు పంపకు.

ఆయన ఏడవడం లేదని నీకు తెలిసిన సంగతి దాచకుండా రాశావు, అది నాకు నచ్చింది. రైతు బాధ నిజమే. తెల్లారకముందే వచ్చి, జెండా పాటలో, అంటే మేలు సరుకుకు పాడే వేలంలో, ఒక ధర విని, తీరా తన బస్తా కోసి చూశాక తాలు ఉందనో తేమ ఉందనో అంత ధర పలకక, కోసిన బస్తా మూతి పట్టుకుని అట్లాగే నిలబడిపోయిన రైతులను నేనూ చూశాను. వాళ్ల ఫోటో తీయి, వాళ్లను అడిగి తీయి. వాళ్ల బాధను తెచ్చి ఈయన ముఖానికి అతికిస్తే, రేపు నిజంగా ఏడుస్తున్న రైతు ఫోటో వచ్చినప్పుడు జనం 'ఇదీ మిర్చి ఘాటేనేమో' అనుకుని పక్కకు జరిపేస్తారు.

ఇక చెరపడం సంగతి. పెళ్లి ఆల్బమ్‌లో వెనకున్న స్విచ్‌బోర్డు తీసేస్తాం, మొటిమ తీసేస్తాం, అది వాళ్లు అడిగి చేయించుకునే పని (పెళ్లికూతురిని అడగకుండా తెల్లగా చేసి ఇవ్వడం మాత్రం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు). జరిగింది ఇదీ అని లోకానికి చూపించే ఫోటో వేరు. నార్సిసో కాంట్రెరాస్ అనే ఫోటోగ్రాఫర్ సిరియా యుద్ధం ఫోటోలకు 2013లో తోటివాళ్లతో కలిసి పులిట్జర్ అనే పెద్ద పత్రికా బహుమతి అందుకున్నాడు. ఒక ఫోటోలో మూలన పడి ఉన్న తోటి విలేకరి వీడియో కెమెరాను చెరిపేశాడని తేలితే, 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ ఆయనతో పని మానేసింది. అక్కడ పోయింది మూలనున్న కెమెరా. నువ్వు తీసేసింది మనిషిని. ఆ నవ్వు ఉంటే చూసినవాళ్లకు అసలు సంగతి తెలిసిపోయేది, అందుకే కదా తీసేశావు.

స్టీవ్ మెక్‌కరీ అనే ఫోటోగ్రాఫర్ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో తీసిన అఫ్గాన్ అమ్మాయి ఫోటో మరుసటి ఏడు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అట్ట మీదికెక్కి ప్రపంచమంతా తిరిగింది. ఆమె పేరు షర్బత్ గులా అని 2002లో గానీ తెలియలేదు. అప్పటిదాకా ఆమె ఆ ఫోటోను చూడనే లేదు. ఆ సంగతి చదివినప్పటి నుంచి నాకు ఒక పట్టుదల, నేను తీసిన ఫోటో ముందు అందులో ఉన్నవాళ్ల చేతికే పోవాలని.

కాబట్టి ముందు ఆ పెద్దాయన ఊరికి పో. చెరపని అసలు ఫోటో ప్రింటు వేయించుకుని పో, ఏం రాశావో ఆయనకు చెప్పి తప్పు ఒప్పుకో. ఫోటో తీసేస్తే సరిపోదు, పాత మాట తిరుగుతూనే ఉంటుంది. మొదట ఎక్కడ పెట్టావో అక్కడే, ఆయన ఏడవలేదని, ఆ రాత తప్పని నీ పేరుతో రాయి, ఆ అమ్మాయి సంబంధం వాళ్లకు చూపించుకోవడానికైనా పనికొస్తుంది. తర్వాత ఆయన సరేనంటే, ఉన్నది ఉన్నట్టు రాసి పోటీకి పంపు. వద్దంటే అక్కడితో వదిలెయ్.

ప్రింట్లు మాత్రం రెండు వేయించు, ఒకటి ఆ హమాలీకి.